అక్క వంటింట్లో మోగని మిషను

మా మల్కాపురంలో వాసన వస్తే కిటికీలు మూస్తాం. ఇంకెక్కడైనా వంటింట్లో గ్యాస్ వాసన వచ్చిందంటే ముందు కిటికీలు తెరుస్తారు. మా దగ్గర వాసన ఎప్పుడూ బయటిదే. సముద్రం మీంచి వచ్చే గాలి ఏదో ఒక పూట తిరగబడి అవతలి వైపు నుంచి వీస్తుంది. అప్పుడు రేవు వాసన, ట్యాంకర్ల వాసన, కాలువ వాసన కలిసి, ఏది ఎంతో విడదీయలేని ఒక బరువైన వాసన వీధిలోకి దిగుతుంది. "గాలి తిరిగింది" అంటారు ఎవరో. ఆ మాట ఒక ఇంట్లో వినిపించేసరికి వరసగా నాలుగిళ్ళలో కిటికీ రెక్కలు మూసుకుంటాయి. ఎవరూ ఆలోచించి చేసే పని కాదు అది. నిద్రలో దోమను కొట్టినట్టు చెయ్యి దానంతట అదే వెళ్తుంది.

ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఇది తెలియనివాళ్ళకు నేను చేసిన తప్పు మరీ తెలివితక్కువగా కనబడుతుంది. నేను చేసిన తప్పు అని రాయడం నాకు కొత్త. ఇతరులు నాకు చేసిన తప్పుల గురించి ఎన్ని కాగితాలైనా రాయగలను, రాశాను కూడా. వెలగని వీధి దీపం గురించి, రేషన్ తూకం గురించి, పోర్టు వర్క్‌షాపులో పనిచేసిన రోజుల్లో నాకంటే వెనక చేరినవాడికి నాకంటే ముందు వచ్చిన ప్రమోషన్ గురించి. ప్రతిదానికీ జిరాక్సు దాచాను. రిటైరయ్యాక తీరిక దొరికింది గానీ మరపు దొరకలేదు.

నిరుడు ఎండాకాలంలో మా వంటింట్లో వాసన మొదలైంది. నా భార్య మామూలుగానే కిటికీ మూసింది. నేను తెరిచాను. ఆవిడ మళ్ళీ మూసింది.

"గాలి తిరిగింది, తెలవట్లేదేటి మీకు?" అంది.

"పొయ్యి దగ్గర ఎక్కువుంది. గుమ్మం దగ్గర లేదు."

"మీకన్నీ ఎక్కువే," అంది.

గ్యాస్ ఏజెన్సీకి మూడుసార్లు ఫోన్ చేశాక ఒక మెకానిక్ వచ్చాడు. స్పాంజి ముక్క సబ్బునీళ్ళలో ముంచి రెగ్యులేటర్ మీద, రబ్బరు పైపు మీద పిండాడు. బుడగలు రాలేదు. లేచి చేతులు తుడుచుకున్నాడు.

"లీకేటీ లేదు సార్. గాలది. మల్కాపురంలో ఉండి వాసనొత్తందంటే మేమేటి సేత్తాం?" అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ముక్కుకి స్పేర్ పార్టు మా కాడ లేదు సార్," అన్నాడు.

తలుపు వెనక నా భార్య నవ్వడం వినిపించింది. మెకానిక్ మాట కంటే ఆ నవ్వు ఎక్కువ కాలం గుర్తుంది.

ఆ వారమే ఆన్‌లైన్లో మిషను తెప్పించాను. గ్యాస్ లీకు పట్టేది. టార్చిలైటు కన్నా సన్నంగా చేతిలో ఇముడుతుంది. ముందు భాగాన ఎటు వంచితే అటు వంగే తీగ మెడ, దాని కొసన వేలి గోరంత జాలీ. ఆ జాలీకి గ్యాస్ సోకితే లోపల టిక్కు టిక్కుమని మోగుతుంది. గ్యాస్ ఎంత దగ్గరైతే టిక్కులు అంత తొందరపడతాయి. దాంతోపాటు ఒక మడత కాగితం ఇచ్చారు. చీమ కాళ్ళంత అక్షరాలు. మొదటి వైపు చదివాను. ఆన్ చేయడం, ఎర్ర లైటు పచ్చగా మారేదాకా ఆగడం, జాలీని వాసన వచ్చే చోట పెట్టడం. సిలిండర్ గ్యాస్ గాలి కంటే బరువు కనుక కింద, మూలల్లో వెతకాలని కూడా ఉంది. రెండో వైపు చదవలేదు. అన్ని కాగితాలూ చదివే మనిషిని, అది చదవలేదు.

మా ఇంట్లో లీకు దొరికింది. పొయ్యి ఎత్తి పట్టుకుంటే ఎడమ బర్నరు నాబ్ కింద, లోపలి గొట్టం అతుక్కునే చోట, మిషను కీచురాయిలా మొదలెట్టింది. సబ్బునీళ్ళు చేరని చోటది. మళ్ళీ అదే మెకానిక్‌ని పిలిపించి, అతని ఎదురుగా మోగించి చూపించాను. అతను నాబ్ విప్పి వాషర్ మార్చాడు.

"ముక్కుకి స్పేర్ పార్టు తెచ్చావా?" అని అడిగాను.

"ఏదో సరదాకన్నాను సార్. ఇంకా గుర్తెట్టుకున్నారేటి?" అన్నాడు.

అనేవాళ్ళందరికీ అది సరదానే.

ఆ తరవాత వీధిలో నా పేరు మారింది. ఇంతకు ముందు నేను కంప్లైంట్ల మాస్టారిని, బడిలో ఏనాడూ పాఠం చెప్పకపోయినా. ఇప్పుడు మిషను బాబుని. ఎవరికి అనుమానం వచ్చినా పిలిచేవాళ్ళు. నేను మా మెట్ల మీద నిలబడి చెప్పులు వేసుకుంటూ మిషను ఆన్ చేసేవాణ్ణి. వాళ్ళ వంటింటికి చేరేసరికి పచ్చ లైటు వచ్చి ఉండేది. అదే సరైన పద్ధతని అప్పుడు నాకు తెలియదు. సముద్రం గాలి వీచే పగటి పూట వెళ్ళడం, మెట్ల మీద ఆన్ చేయడం, అన్నీ కాకతాళీయంగా కుదిరాయి.

వీధి చివర చేపలమ్ముకునే ఒకావిడ ఇంట్లో రబ్బరు పైపు మీద తేదీ ఎప్పుడో చెరిగిపోయింది. నొక్కితే పగిలిన మడమలా బీటలు కనిపించాయి. మిషను రెగ్యులేటర్ దగ్గరే గోల పెట్టింది. ఆవిడ భయపడలేదు. నా చేతిలో దాన్ని కిందకీ పైకీ చూసింది.

"బాబూ, దీన్ని సేపల తట్ట మీద ఎడితే ఏవి కుళ్ళినియ్యో సెప్తాదేటి?"

"సెప్పదమ్మా. గ్యాసే సెప్తాది."

"మరైతే నీకూ నాకూ ముక్కే నయం," అంది. అన్నదే గానీ ఆ సాయంత్రమే కొత్త పైపు వేయించి, నన్ను మళ్ళీ పిలిచి చూపించుకుంది.

అన్ని ఇళ్ళకూ వెళ్ళాను, ఒక్క ఇంటికి తప్ప. మాకు రెండు వీధుల అవతల మా అక్క ఇల్లు.

అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. నేను ఎనిమిదో తరగతికి వచ్చేదాకా నా కంచంలో చేప ముళ్ళు తనే తీసేది. నా స్నేహితులు నవ్వుతారని నేను చెయ్యి అడ్డం పెట్టేవాణ్ణి. చెయ్యి పక్కకి తోసి తీసేది. అలాంటి అక్క ఇంటి గేటు లోపల తొమ్మిదేళ్ళుగా నేను అడుగు పెట్టలేదు. కారణం బావ.

వాళ్ళ గృహప్రవేశం రోజు జరిగిందది. ఆడపిల్ల కొత్తింట్లో పాలు పొంగించడానికి పుట్టింటి నుంచి పొయ్యి తీసుకెళ్ళడం మా ఇంట్లో పద్ధతి. స్టీలు పొయ్యి, రెండు బర్నర్లది, నేనే ఎంచి తీసుకెళ్ళాను. అప్పటికే వంటగట్టు మీద నల్లటి గాజు పొయ్యి ఒకటి అమర్చి ఉంది. బావతో స్టీలు ప్లాంటులో పనిచేసే స్నేహితులెవరో ఇచ్చారట. పాలు దాని మీదే పెట్టారు. నా పొయ్యి మెట్ల కిందకి వెళ్ళింది. నేను ఏమీ అనలేదు. నా మొహం అన్నదేమో, బావ అందరి ముందూ నా భుజం మీద చెయ్యి వేసి, "మా బావమరిది పొయ్యి మీద పాలు పొంగిత్తే ఇల్లంతా కంప్లైంట్లే పొంగుతాయర్రా," అన్నాడు. గదిలో ఉన్న వాళ్ళంతా నవ్వారు. నా చేతిలో అరటిపళ్ళ అత్తం ఉంది. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి వచ్చేశాను.

ఆ తరవాత అక్కే మా ఇంటికి వచ్చేది. నేను వాళ్ళ వీధి మీదుగా వెళ్తే గేటు దగ్గర నిలబడి మాట్లాడేది. బావని నేను బావగారూ అనడం మొదలుపెట్టాను. ఆయన ఫోన్ నంబరు తీసేశాను.

ఒక రోజు మధ్యాహ్నం అలా గేటు దగ్గరే అక్క అంది, "ఊరందరి ఇళ్ళూ సూత్తన్నావంట. మా ఇల్లూ సూడ్రా. నాలుగు రోజులైంది, వంటింట్లో నిలబడితే తలనొప్పొత్తంది."

"బావగారున్నారా?"

"ఉంటే? ఆయనేటి కరుత్తారా?"

"నన్ను పిలవమన్నారా?"

"నాను పిలుత్తన్నాను. సాలదేటి?"

మర్నాడు వెళ్ళాను. ఆ పూట గాలి తిరిగింది. వీధి వీధంతా కిటికీలు మూసి ఉన్నాయి. వరండాలో బావ పేపరు చదువుతున్నాడు. తల ఎత్తి, "రా బావా," అన్నాడు, నిన్నకాక మొన్న చూసినట్టు. నేను తల ఊపి లోపలికి నడిచాను.

అప్పటిదాకా మిషను ఎప్పుడూ బయటే ఆన్ చేసేవాణ్ణని చెప్పాను కదా. ఆ రోజు చెప్పులు వేసుకుంటుంటే బయట అంత వాసన. ఈ గాలికి మిషను మతి పోతుందనుకున్నాను. అక్క వంటింట్లో కిటికీలు బిగించి ఉన్నాయి కనుక లోపలి గాలే నయమనుకున్నాను. వాసన బయటిది, లోపల మంచి గాలి. పుట్టిన దగ్గర్నుంచీ మా వీధిలో అందరం నమ్మిన లెక్క అది. నా తెలివికి నేనే మెచ్చుకుని, అక్క వంటగది నడిమధ్య నిలబడి మిషను ఆన్ చేశాను. ఎర్ర లైటు, పచ్చ లైటు. గాజు పొయ్యి బర్నర్లు, నాబులు, కింద సిలిండరు, మూలలు, అన్ని చోట్లా పెట్టాను.

ఒక్క టిక్కు లేదు.

ఇప్పుడు రాసేది ఎవరితోనూ అనలేదు. ఆ గాజు పొయ్యి దగ్గర అది మోగాలని నేను కోరుకున్నాను. అక్క తలనొప్పి నాకు గుర్తే లేదు. మోగకపోయేసరికి నాకు కలిగింది ఊరట కాదు, ఆశాభంగం.

బావ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "ఏటి బావా, మా ఇంటి మీద కంప్లైంటేటీ లేదా?"

"ఏమీ లేదు," అన్నాను. అక్క గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకుని నిలబడింది. తాగకుండానే గేటు దాటాను. వెనక నుంచి అక్క గొంతు వినిపించింది. "నువ్వు సూసావు. ఇంక నాకు దిగుల్లేదురా."

పది రోజుల తరవాత మా పొయ్యికి బర్నరు మూత కావాల్సి పాత ఊరు వెళ్ళాను. అక్కడ పొయ్యిలు బాగుచేసే ముస్లిం పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆయన నాన్న చేసిన పని, ఆయనా చేస్తున్నాడు. పోర్టులో పనిచేసే రోజుల నుంచీ నాకు పరిచయం. నేను భాయ్ అంటాను, ఆయన సాబ్ అంటాడు. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అలాంటి వాళ్ళు నాకు ఎక్కువ మంది లేరు.

ఆయన మూత వెతుకుతుంటే నేను గొప్పగా మిషను తీసి అక్కడే ఆన్ చేశాను. పచ్చ లైటు వచ్చాక జాలీని ఆయన బల్ల మీదున్న ఒక పొయ్యి దగ్గర పెట్టాను. దాని నాబ్ లీకవుతోందనే ఎవరో బాగు చేయమని ఇచ్చి వెళ్ళారు. గ్యాస్ పైపు తగిలించే ఉంది. నా ముక్కుకే తెలుస్తోంది. మిషను మోగలేదు.

"బ్యాటరీ అయిపోయినట్టుంది," అన్నాను.

ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి చూశాడు. "ఎక్కడ ఆన్ చేసినారు సాబ్?"

"ఇక్కడే. నీ ముందే కదా."

"అదీ సంగతి. నా దుకాణంలో పొద్దున్నించీ గ్యాసే కదా. ఇది ఆన్ చేసిన చోటున్న గాలే మంచి గాలి అనుకుంటాది. దీనికేం తెలుసు పాపం? మీరు గ్యాసులో పుట్టించి గ్యాసేదని అడిగితే ఏం చెప్తాది?"

మిషను ఆపి నా చెయ్యి పట్టుకుని సందు చివరికి తీసుకెళ్ళాడు. సముద్రం వైపు తెరిచిన చోట నిలబెట్టి ఆన్ చేయించాడు. పచ్చ లైటు వచ్చాక తిరిగి దుకాణం గడపలో కాలు పెట్టామో లేదో, టిక్కులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

ఆయన నవ్వుతూ నా వైపు చూసి నవ్వు ఆపేశాడు. "ఏమైంది సాబ్?"

నాకు అక్క వంటిల్లు కనబడింది. మూసిన కిటికీలు, నడిమధ్య నేను.

ఇన్ని రోజులూ ఏమీ కాలేదంటే సముద్రం గాలికి కిటికీలు తెరిచి ఉండటం వల్లేననుకున్నాను. రాత్రి పడుకునే ముందు అక్క రెగ్యులేటర్ కట్టేస్తుంది గనక. కానీ ఆ రోజు నేను బస్సెక్కేటప్పుడే మా వీధిలో గాలి తిరిగింది. కిటికీలు మూసే ఉంటాయి. సాయంత్రం అవుతోంది. అక్క స్నానం చేసి దీపం పెట్టే వేళ. దేవుడి పీట వంటింట్లోనే, నేల మీద, సిలిండరుకి నాలుగడుగుల దూరంలో. గ్యాస్ పేరుకునేదీ నేల మీదే.

అక్కకి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేయబోతుంటే, ఆ ఫోను మొన్న వంటింట్లో ఫ్రిజ్ పక్కన ఛార్జింగులో చూశానని గుర్తొచ్చి వేలు వెనక్కి తీసుకున్నాను. ఎత్తడానికి తను అటే వెళ్తుంది.

బావ నంబరు నా ఫోన్లో లేదు. కానీ నేను మరచిపోయే మనిషిని కాదు. పది అంకెలూ తడుముకోకుండా వచ్చాయి.

"ఎవరండీ?"

"నాను."

వెనక రేడియోలో ఎవరో మాట్లాడుతున్నారు. బావ దాన్ని తగ్గించాడు. "సెప్పు బావా."

"ఎక్కడున్నారు?"

"వరండాలో."

"అక్కేటి సేత్తంది?"

"తానమైంది. ఇంక దీపం పెడతాది."

"పెట్టనీకండి. అగ్గిపుల్ల గియ్యొద్దు, లైటు వెయ్యొద్దు, ఫ్యాను వెయ్యొద్దు. లీకుంది. మీ ఫోను వరండాలోనే ఒగ్గీండి. ముందు అక్కని బయటికి తీసుకొచ్చేసి, ఆనక రెగ్యులేటర్ కట్టేసి కిటికీలన్నీ తీసీండి."

"నువ్వే కదా లేదన్నావు?"

"తప్పు సెప్పాను."

"కిటికీలా? గాలి తిరిగింది కదా."

"తియ్యి బావా," అన్నాను.

ఆ మాట తొమ్మిదేళ్ళ తరవాత నా నోట్లోంచి వచ్చిందని ఆ క్షణంలో గమనించలేదు. అవతల ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు, కుర్చీ జరిగిన చప్పుడు, తరవాత "ఏమే, ఏమే" అని కేక. కేక లోపలికి దూరమైంది. రేడియో ఒక్కటే వినిపిస్తోంది. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకునే ఆటో ఎక్కాను.

కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీలు బారులు తీరాయి. ఆటో కదలదు. ఫోన్లో రేడియో మాట్లాడుతూనే ఉంది, ఎవరో పంటలకి పట్టే పురుగుల గురించి. అది మోగుతున్నంతసేపూ ఏమీ కాలేదని అర్థం. నేను జీవితంలో ఏ కార్యక్రమమూ అంత శ్రద్ధగా వినలేదు. మధ్యలో ఆటో అతను అడిగాడు, "పొలముందేటి సార్?" లేదన్నాను. కాసేపటికి రేడియో ఆగి అక్క గొంతు వచ్చింది.

"ఒరే, మేం బయటే ఉన్నాం. నువ్వు కంగారుపడి పరిగెట్టకు, పడతావు."

ఫోను జేబులో పెట్టుకున్నాను. లారీల మధ్య సందు దొరికి ఆటో కదిలింది.

వాళ్ళ వీధిలోకి తిరిగేసరికి ఇంకా వెలుతురుంది. అన్ని ఇళ్ళకీ కిటికీలు మూసి ఉన్నాయి. ఒక్క అక్క ఇంటికి మాత్రం ముందువీ, పక్కవీ, మేడ మీదవీ అన్నీ బార్లా తెరిచి, పరదాలు బయటికి ఎగురుతున్నాయి. అక్క మెట్టు మీద కూర్చుని ఉంది. తడి జుట్టు ముడి కూడా వేసుకోలేదు. గుప్పిట్లో అగ్గిపెట్టె అలాగే ఉంది. బావ బనీను మీద ఉన్నాడు. సిలిండరు పైపుతో సహా పెరట్లోకి ఈడ్చేసినట్టున్నాడు, చేతులకి ఎర్ర రంగు అంటుకుంది.

ఆ గాలిలో నా మిషను పనికిరాదు. ఇప్పుడు తెలిసింది. అక్కని ఒక గిన్నెలో సబ్బునీళ్ళు అడిగి తెచ్చుకుని, ఆ మెకానిక్ చేసినట్టే పెరట్లో కూర్చుని పైపు పొడవునా రాశాను. పైపు కొస మడిచి పట్టుకుని రెగ్యులేటర్ ఒక్క చిటికె తిప్పగానే, అది వంటగట్టు కన్నంలోంచి దూరి ఉండే చోట, తెల్లటి బుడగలు గుత్తిగా లేచాయి. ఎలుక పళ్ళ గాట్లు. రెండు వరసలు.

కట్టేసి పైపు విప్పి బయట పారేశాను. అక్క పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"నీకు వాసన రాలేదేటే?" అని అడిగాను.

"వచ్చింది."

"ఎప్పుడు?"

"రోజూ వత్తంది. నువ్వు లేదన్నావు కదా అని గాలే అనుకున్నాను. కిటికీ మూసేసుకున్నాను."

"తలనొప్పి?"

"అదీ ఉంది."

"మరి నన్ను మళ్ళీ పిలవొచ్చు కదక్కా."

అక్క అగ్గిపెట్టెని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చింది. బావ వైపు చూసింది, నా వైపు చూసింది.

"పిలిత్తే నీ మాట నమ్మలేదని అనుకుంటావు," అంది. "తొమ్మిదేళ్ళకి ఒక్కసారి ఇంటికొచ్చావు. మళ్ళీ పిలిచి, సరిగ్గా సూసావా అని అడిగితే, ఇంకో తొమ్మిదేళ్ళు రావు. తలనొప్పే కదా, పోతాదిలే అనుకున్నాను."

నాకు జరిగిన అన్యాయాలన్నిటికీ నా దగ్గర సమాధానాలున్నాయి. మెకానిక్ మాటకి మిషను తెచ్చుకున్నాను, బావ మాటకి గేటు ముందు ఆగిపోయాను. అక్క నా గురించి అంత మాట అంది, అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. మిషను మంచి గాలిలో ఆన్ చేయకపోవడం నా తప్పుల్లో చిన్నది.

"నాది తప్పు," అన్నాను. ఇతరుల నోట వినాలని ఎంతో కాలం ఎదురుచూసిన మాట గనక, అది ఎలా ఉంటుందో నాకు బాగానే తెలుసు. అనడానికి మాత్రం అలవాటు లేదు.

బావ కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ అడిగాడు. "అసలు నానేటన్నాను బావా ఆ రోజు? మీ అక్కెప్పుడూ సెప్పదు."

నేను చెప్పాను. ఆయన ఎక్కడ నిలబడ్డాడో, ఎవరెవరు ఉన్నారో, ఏ భుజం మీద చెయ్యి వేశాడో, ఏ మాట తరవాత ఏ మాటో, అరటిపళ్ళతో సహా. ఆయన అడ్డు రాకుండా మొత్తం విన్నాడు.

"నాకు గుర్తు లేదు," అన్నాడు చివరికి. "అన్నానంటున్నావు కాబట్టి అనుంటాను. నలుగురున్నారంటే నా నోరాగదు." తువ్వాలుతో చేతులు తుడుచుకుని అక్క వైపు తిరిగాడు. "నీకు గుర్తుందా?"

"నాకెందుకుండదు?" అంది అక్క. "ఆ రోజు నించీ వీడితో ప్రతి మాటా సూసి సూసి మాటాడుతన్నాను. ఏది పట్టుకుంటాడో తెలీదు. కన్నతల్లిలా సూసుకున్న గుంటడితో మాటాడ్డానికి నాకు భయమేటని ఎన్నిసార్లు అనుకున్నానో."

ఎప్పుడూ ఏ ఫిర్యాదూ చెప్పని మనిషి ఆవిడ. ఉన్న ఒక్కటీ నా మీదే.

వాసన పోయేదాకా ముగ్గురం మెట్ల మీదే కూర్చున్నాం. పొయ్యికి పైపు లేదు కనుక బావ వెళ్ళి బండి మీద ఇడ్లీలు కట్టించుకుని వచ్చాడు. అక్క పొట్లం విప్పి నా ముందు పెట్టింది. చట్నీలో కారం ఎక్కువైంది. బావే నా మొహం చూసి, "కారం కదా? అను బావా, పర్లేదు. లోపల పెట్టుకోకు," అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆయన మాటకి నేను నవ్వడం చూసి అక్క మొహం అటు తిప్పుకుంది.

వచ్చేటప్పుడు అక్కతో చెప్పాను. "నా మాట నమ్మకు. నాను పొద్దున్న సూసి ఎల్లినా సరే, సాయంత్రం వాసనొత్తే పిలు. ఎన్నిసార్లయినా పిలు."

"ఏటనుకోవు కదా?"

"అనుకుంటానేమో. అయినా పిలు."

మొదట్లో పిలిచేది కాదు. నేనే వెళ్ళేవాణ్ణి. పోనుపోను అలవాటైంది. ఒకసారి మాడిన పాలకి పిలిచింది. ఒకసారి బావ కీళ్ళకి రాసుకునే మందుకి పిలిచింది, అప్పుడు మిషను నిజంగానే మోగింది, బావ మోకాలి మీద. ఆయన దాన్ని వీధంతా చెప్పుకున్నాడు.

మొన్న ఆదివారం ఉదయం వెళ్ళి చూసి వచ్చాను. ఏమీ లేదు. ఇంటికి వచ్చి భోజనానికి కూర్చోబోతుంటే ఫోన్ మోగింది.

"ఒరే, నువ్వు పొద్దున్న సూసింది నాకు నమ్మకం లేదు. మళ్ళీ రా," అంది అక్క. నవ్వుతోంది.

నా భార్య కంచం మీద మూత పెట్టింది. చెప్పులు వేసుకుని, సముద్రం గాలి తగిలే మలుపు దగ్గర నిలబడి మిషను ఆన్ చేశాను. పచ్చ లైటు వచ్చేదాకా ఆగి అక్క ఇంటికి వెళ్ళాను. పొయ్యి దగ్గర పెట్టాను, కొత్త పైపు పొడవునా పెట్టాను, కింద మూలల్లో మోకాళ్ళ మీద కూర్చుని పెట్టాను.

"లేదు," అన్నాను.

"సరిగ్గా సూసావా?"

"సూసాను."

"మళ్ళీ సూడు," అంది.

మళ్ళీ చూశాను.